అద్దెగది తూకము

(పన్నెండవ తరగతి విద్యార్థుల వీడ్కోలు సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

 

వీడ్కోలు సభలో ప్రధానోపాధ్యాయుడు మాటలాడవలసిన విషయములు కొన్ని ముందే ఏర్పడియున్నవి. క్రమశిక్షణ, దేశభక్తి, గురుభక్తి, మాతృభాషాభిమానము మొదలగునవి. వానిని గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీద నలుగురున్నారు. నేను నేడు అంతకంటె చిన్న విషయము నొకదానిని ఎత్తుకొనుచున్నాను. అది అద్దెగది. నవ్వకుడు. మన బడినుండి పైచదువులకు వెళ్లి మధ్యలో తిరిగివచ్చిన పిల్లలను నేను పలువురిని చూచితిని. పాఠము అర్థము గాక తిరిగివచ్చినవారు కొందరు. గది కుదురక తిరిగివచ్చినవారు అంతకంటె తక్కువ కారు. పాఠమునకు మేము మీకు పన్నెండేండ్లు తరిఫీదు ఇచ్చితిమి. గదికి ఒక్క గంటయైనను ఇయ్యలేదు. ఆ గంట నేడు తీసికొనుచున్నాను.

మన హోసూరు మూడు రాష్ట్రములు కలియు మూలన ఉన్నది. పన్నెండవ తరగతి ముగిసిన పిమ్మట మన పిల్లలలో కొందరు బెంగుళూరునకు, కొందరు కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు, కొందరు తిరుపతికి, కొందరు చెన్నపట్టణమునకు పోవుదురు. ఎక్కడికి పోయినను మొదటి ప్రశ్న ఒక్కటే: రాత్రి తల వాల్చుట ఎక్కడ?

పూర్వము మన పెద్దలు చదువునకై ఊరు విడిచినప్పుడు వారములు చేసికొనెడివారు. సోమవారము ఒకరి ఇంట, మంగళవారము మరియొకరి ఇంట భోజనము. పండుకొనుటకు సత్రపు అరుగో, గుడి మంటపమో. ఆ పద్ధతిలో దయ యుండెను. కాని అది అందరికి దక్కిన దయ కాదు. కులము చూచి పెట్టిన అన్నమే అందులో ఎక్కువ. కావున ఆ పద్ధతి పోయినందుకు నాకు విచారము లేదు. నేడు దాని స్థానమున నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసికొని, గదులు పంచుకొని, వంటయిల్లును స్నానపుగదిని ఉమ్మడిగా వాడుకొను పద్ధతి వచ్చినది. ఇందులో స్వేచ్ఛ కలదు. స్వేచ్ఛతోపాటు లెక్కయు కలదు. ఆ లెక్క తెలియనివానికి కలుగు కష్టమును నా అనుభవమునుండియే చెప్పెదను.

1987లో నేను ఇంటర్మీడియట్ చదువుటకై చిత్తూరు వెళ్లితిని. నాకు రెండు గదులు చూపిరి. మొదటిది కళాశాలకు దగ్గర. నెలకు 300 రూపాయలు. నలుగురము కలిసినచో తలకు 75. రెండవది ఒక సినిమాహాలు వెనుక రేకుల గది, నెలకు 200, ఐదుగురము కలిసినచో తలకు 40. నెలకు 35 రూపాయలు మిగులునని నేను రెండవదానిని తీసికొంటిని. తండ్రికి భారము తగ్గించుచున్నానని లోలోపల గర్వపడితిని గూడ. అడ్వాన్సు 400 రూపాయలు ఐదుగురము వేసికొని ఇంటివారి చేతిలో పెట్టితిమి. చీటీ అడుగుట మర్యాద కాదనుకొంటిమి.

దసరా సెలవులకు ఇంటికి పోయిన ఇద్దరు తిరిగి రాలేదు. అద్దె 200 అట్లే యున్నది, మేము ముగ్గురమైతిమి. నా వంతు 67 ఐనది. సంక్రాంతికి మరియొకడు పోయెను. నా వంతు 100 ఐనది. చౌక యని తీసికొన్న గది, వలదన్న గదికంటె నెలకు 25 రూపాయలు ఎక్కువ ఐనది. రెండవ ఆట ముగియువరకు పాటలు, మాటలు గోడ దాటి వచ్చుచుండెను. ఎండలు ముదిరిన పిమ్మట ఆ రేకుల క్రింద పగలు కూర్చుండుట అసాధ్యమయ్యెను. ఆ మార్చి పరీక్షలో నేను గణితమున తప్పితిని. గది ఖాళీ చేసిన దినమున అడ్వాన్సు అడిగితిని. "ఎవరిచ్చారయ్యా? చీటీ ఏది?" అని ఇంటివారు తలుపు మూసిరి.

ఇంతవరకు జరిగినది మోసము, దురదృష్టము అని చెప్పుకొనవచ్చును. కాని అసలు తప్పు నాది. ఈ తొమ్మిది నెలలలో నేను ఇంటికి వ్రాసిన ప్రతి ఉత్తరములోను "నేను క్షేమము, గది బాగున్నది" అనియే వ్రాసితిని. నిజము తెలిసిన దినమున మా నాయన కోపపడలేదు. ఇంటికని దాచిన రాగులలో రెండు బస్తాలు అమ్మి, మరల పరీక్ష వ్రాయుటకు డబ్బు చేతిలో పెట్టి, ఒక్క మాట అనెను: "ఇది దసరాకే చెప్పివుంటే ఒక బస్తాతో పోయేది గదా నాయనా." ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఈ ఉపన్యాసమునకు మూలము ఆ మాటయే.

ఇక గదిని ఎట్లు తూచవలెనో చెప్పెదను. అన్నిటికంటె ముందు కళాశాల వసతిగృహమునకును, ప్రభుత్వ సంక్షేమ వసతిగృహములకును దరఖాస్తు పెట్టుడు. అక్కడ చోటు దొరకనిచో గది వెదకుడు. బెంగుళూరు మనకు సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. కళాశాల నగరమునకు ఈ దిక్కున ఉన్నచో ఇంటినుండి రోజూ పోయి వచ్చుటయు ఒక మార్గమే. దానినిగూడ తూకములో వేయుడు.

మొదటి తూకము డబ్బు. అద్దె వేరు, ఖర్చు వేరు. ఒక ఉదాహరణము చెప్పెదను. ఒక గదిలో మీ వంతు 2,500 రూపాయలు. కళాశాలకు ఏడు కిలోమీటర్ల దూరము. మరియొక గదిలో మీ వంతు 3,300. కళాశాలకు నడిచి పోవచ్చును. మొదటిది 800 రూపాయలు చౌకగా కనబడును. రానుపోను బస్సునకు రోజుకు 40 రూపాయలనుకొన్నను, నెలలో 24 పనిదినములకు 960 ఐనది. చౌక గది వెల 3,460 ఐనది. పైగా రోజుకు గంటన్నర రోడ్డుమీద పోవును. అది నెలకు 36 గంటలు. ఆ గంటలకు వెల కట్టువారెవరు? ఆడపిల్లలకు బస్సు ఉచితము గదా యని కొందరు తల్లిదండ్రులు లెక్కవేయుచున్నారు. 2023 జూన్‌లో కర్ణాటకమున ప్రారంభింపబడిన ఆ పథకము ఆ రాష్ట్రమున నివాసముగల స్త్రీలకొరకు ఏర్పడినది. మన చిరునామా తమిళనాడు. సరిహద్దు ఊరివారము ఇట్టి సంగతులు ముందే విచారించుకొనవలెను.

విద్యుత్తును మరువకుడు. పెక్కు ఇండ్లలో అద్దెకున్నవారికి వేరుగా చిన్న మీటరు పెట్టి, యూనిట్టునకు ఇంత యని ఇంటివారే వసూలు చేయుదురు. ఆ రేటు ఎంతయో ముందే అడుగుడు. గదిలో చేరిన దినముననే మీటరు అంకెను వ్రాసికొనుడు. నీరు కొనవలసి వచ్చునా, చెత్తకు, మెట్లు ఊడ్చుటకు వేరుగా ఈయవలెనా యనునవి గూడ ఆ దినమే తేల్చుకొనుడు.

రెండవ తూకము కాగితము. అడ్వాన్సు విషయమున ఊరికొక ఆచారము. బెంగుళూరులో పది నెలల అద్దె అడుగు వాడుక చాలకాలము సాగినది. నెలకు 12,000 అద్దెగల ఇంటికి అట్లు 1,20,000 కట్టవలసి వచ్చినచో నలుగురు పిల్లలకు తలకు 30,000. చదువు మొదలు కాకముందే ఒక రైతు ఇంటి అప్పు అది. తమిళనాడులో ఇంటి యజమానులయు అద్దెదారులయు హక్కులను, బాధ్యతలను గూర్చి 2017లో ఒక చట్టము చేయబడి 2019లో అమలునకు వచ్చినది. ఒప్పందము వ్రాతలో ఉండవలెననియు, వేరు ఒప్పందము లేనిచో అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదనియు అందులో నున్నది. "వేరు ఒప్పందము లేనిచో" అను మాటను గుర్తుంచుకొనుడు. మీరు చదువక సంతకము చేసిన కాగితమే ఆ వేరు ఒప్పందము కావచ్చును. కేంద్ర ప్రభుత్వము 2021లో వెలువరించిన నమూనా చట్టములో నివాసగృహములకు రెండు నెలల అద్దె అని యున్నది. కాని అది నమూనా. ఏ రాష్ట్రము దానిని స్వీకరించునో అక్కడనే చెల్లును.

ఇంకొక సంగతి. మీలో చాలమందికి ఇంకను పదునెనిమిదేండ్లు నిండలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనరు ఒప్పందము చేసికొనుటకు అర్హుడు కాడు. కావున సంతకము తండ్రియో తల్లియో చేయవలెను. "వాడే చూచుకొంటాడు లెండి" అని తల్లిదండ్రులు తప్పుకొనుటకు వీలులేదు. ఒక దినము పని మానుకొని పిల్లవానితో వెళ్లి గది చూడుడు. అద్దెను, అడ్వాన్సును చేతికి ఇయ్యక బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపుడు. సాక్ష్యము దానియంతట అదే మిగులును. గది కంటితో చూడకమున్ను, ఫోనులో వచ్చిన బొమ్మలు నమ్మి ఒక్క రూపాయియు పంపకుడు. చేరిన దినమున గోడలను, తలుపులను, కుళాయిలను ఫొటోలు తీసి ఉంచుకొనుడు. ఖాళీ చేయునాడు "ఈ పగులు మీరు చేసినదే" అని ఎవరైన అన్నచో ఆ ఫొటోయే మీ చీటీ.

ఇంటివారితో ఒక కాగితమున్నట్లే మీలో మీకును ఒక కాగితముండవలెను. స్నేహితుల మధ్య కాగితమేమని అనకుడు. నడుమ వెళ్లిపోవువాడు ఒక నెల ముందు చెప్పవలెను, లేదా తన స్థానమున మరియొకని తీసికొనిరావలెను, లేదా ఆ నెల వంతు ఇచ్చి పోవలెను. ఈ మూడు వాక్యములు వ్రాసి నలుగురు సంతకము చేసినచో చాలును. నా 40 రూపాయలు 100 ఐనది ఈ మూడు వాక్యములు లేకనే. వ్రాతకు ఇష్టపడని స్నేహితుడు వంతునకును ఇష్టపడడు.

మూడవ తూకము గోడలు. గదిని ఒక్కసారి మధ్యాహ్నము చూచి వచ్చుట చూచుట కాదు. ఉదయము ఏడు గంటలకు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట ఒకసారి చూడవలెను. ఉదయము నీరు వచ్చునా లేదా, స్నానపుగది ముందు ఎందరు నిలుచుందురు అనునది తెలియును. ఆరుగురికి ఒకే స్నానపుగది యున్నచో, మనిషికి పావుగంట చొప్పున గంటన్నర. ఎనిమిదిన్నరకు కళాశాల గంట మ్రోగునదైనచో, దారికి అరగంట తీసివేసి లెక్కించిన, మొదటివాడు ఆరున్నరకే లోపల నుండవలెను. ఆ మొదటివాడు ఎవరు? దీనిని చేరకముందే తేల్చుకొనినవారు ఏడాది పొడుగున పోట్లాడుకొనరు. రాత్రి చూచినచో చప్పుడు, వీధి వెలుతురు, ఇరుగుపొరుగు తెలియును. గోడ అడుగున చెమ్మ చారలున్నవేమో చూడుడు. క్రొత్తగా సున్నము వేసిన గోడను మరింత శ్రద్ధగా చూడుడు. కిటికీ తెరచి గాలి వచ్చునా యని చూడుడు.

ప్రాణమునకు సంబంధించిన రెండు విషయములు చెప్పెదను. వీనిలో బేరము లేదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు, నేలమీదనే నిలుచును. కావున సిలిండరు ఉన్న గదిలో తలుపులు మూసికొని క్రింద పండుకొనరాదు. రెండవది, స్నానపుగదిలో గ్యాసుతో నీరు కాచు గీజరు ఉండి గాలి పోవు మార్గము లేకున్నచో అందులో కార్బన్ మోనాక్సైడు చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలివి తప్పినదాక తెలియదు. అట్టి స్నానపుగదిగల ఇల్లు ఎంత చౌకయైనను, ఎంత అందమైనను వెనుకకు తిరిగి రండు.

నాలుగవ తూకము మనుషులు. మన ఊరి పిల్లలు నలుగురు ఒకచోట నుండుట ధైర్యమే. కాని నలుగురును తెలుగువారే ఐనచో ఆ ఊరి భాష మీకు రాదు. నేను తెలుగు బడి ప్రధానోపాధ్యాయుడను. తెలుగు కొరకు ఈ సంఘము పడిన శ్రమ నాకు తెలియును. ఐనను చెప్పుచున్నాను: మీ ఇంట ఒక కన్నడ పిల్లవాడో, తమిళ పిల్లవాడో ఉన్నచో సంతోషింపుడు. అతని భాష మీరు నేర్చుకొనుడు, మీ భాష అతనికి నేర్పుడు. పొరుగు భాష వచ్చినంతమాత్రమున ఇంటి భాష పోదు. ఇంటి భాషలో ఇంటికి మాటలాడుట మానినప్పుడే అది పోవును. మనుషులలో చూడవలసినది భాష కాదు, అలవాటు. ఎవరెప్పుడు పండుకొందురు, ఎవరెప్పుడు చదువుదురు, వంటపాత్ర ఎవరు తోముదురు, అప్పు అడిగినవాడు తిరిగి ఇచ్చునా యనునవి చూడుడు.

ఒక చేదు మాటయు చెప్పవలసియున్నది. గది చూపకముందే కులమడుగువారు, మతమడుగువారు, ఏమి తిందురని అడిగి తలుపు వేయువారు నేటికిని కలరు. అట్టి గుమ్మము నుండి తల వంచుకొని రాకుడు. తల ఎత్తుకొని రండు. ఆ తప్పు మీది కాదు. గది దొరకుటకై అబద్ధము చెప్పి చేరకుడు. ఆ అబద్ధమును ప్రతి దినము కాపాడుకొనవలసి వచ్చును. చదువుకొనువానికి అది మోయరాని బరువు.

చివరగా ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. క్రిందటి యేడు ఒక తండ్రి నా గదికి వచ్చెను. కూతురికి బెంగుళూరులో సీటు వచ్చినది. ఆయన ముఖమున సంతోషము లేదు.

"పిల్లకు సీటు వచ్చింది సార్. గది మాత్రం దొరకలేదు. ఇంక చదువు చాలిద్దామని అనుకొంటున్నాము."

"ఎన్ని గదులు చూశావు నాయనా?" అని అడిగితిని.

"ఒకటి సార్."

"పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఒక్కటి చూసి చాలిస్తావా?"

ఆయన తల వంచుకొనెను. మరుసటి ఆదివారము ఆయనయు, ఆ పిల్లయు, నేనును కలిసి బయలుదేరితిమి. మొదటి ఇంటిలో గది బాగున్నది గాని తలుపు గడియ లోపలివైపు సరిగా పడుటలేదు. రెండవ ఇంటిలో గడియ యున్నది గాని అడ్వాన్సు మా శక్తికి మించినది. మూడవ ఇంటిలో మేడమీద ముగ్గురు నర్సింగు విద్యార్థినులు, క్రింద ఇంటి యజమానురాలైన ముసలమ్మ. ఆమె నన్ను గాని, ఆ తండ్రిని గాని పలకరింపలేదు. పిల్లనే అడిగెను: "ఏమమ్మా, నువ్వు పొద్దున్నే లేస్తావా? నీళ్లు ఆరింటికే వస్తాయి." పిల్ల నవ్వి లేచెదనని చెప్పెను. వీథి దీపము, బస్సు నిలుచు చోటు, లోపలి గడియ, కిటికీ చట్రము అన్నియు ఆ పిల్లయే తిరిగి చూచి, తన చిన్న పుస్తకములో వ్రాసికొని, "ఇది చాలు నాయనా" అనెను. ఆమె ఇప్పుడు రెండవ యేడు చదువుచున్నది. ఆనాడు ఒకటితో చాలించియున్నచో ఆగిపోయెడిది గది కాదు, ఆ పిల్ల చదువు.

తల్లిదండ్రులారా! గది దొరకలేదనుట కొన్నియెడల నిజము. కొన్నియెడల అది పిల్లను పంపుటకు మనసు లేని మాట. మీ మాట ఏదియో మీకే తెలియును. కొడుకు గదిని మరికొంత శ్రద్ధతో చూడుడు. కూతురి గదిని మరికొంత ధైర్యముతో చూడుడు.

పిల్లలారా! ఇంతసేపు తూకము, లెక్క, కాగితము అని చెప్పితిని. ఎంత తూచినను ఒక్కొక్కసారి గది చెడ్డదే తగులును. తగిలినచో దానిని దాచకుడు. మీ చేతిలో ఫోను ఉన్నది. ఉత్తరము వలె వారము పట్టదు. "గది బాగాలేదు నాయనా, మారుతాను" అని చెప్పుట ఓటమి కాదు, అవమానము కాదు. ఇంటికి చెప్పుటకు జంకినచో ఈ బడికి చెప్పుడు. మేము మీకు ఉపాధ్యాయులమై యుండుట ఈ సభతో ముగియదు. ఆదివారము ఖాళీగా ఉన్నచో నేను వచ్చెదను. గదులు చూచుట నాకు ఇప్పుడు బాగుగా వచ్చును.

మీరందరు మంచి గదులలో చేరి, అంతకంటె మంచిగా చదువుకొని, దసరాకు నిజమైన కబురులతో ఇంటికి రావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.